మాయాబజారున చిత్రనిర్మాణ పరిహాసము

చలనచిత్రము తన పుట్టువును, తన నిర్మాణశాలలోని గందరగోళమును తానే ప్రదర్శించి ప్రేక్షకుని నవ్వించుట యొక ప్రత్యేకమైన హాస్యప్రక్రియ. హాలీవుడ్డున దీనికి గొప్ప ఉదాహరణముగా విమర్శకులు పేర్కొనునది 1952లో జీన్ కెల్లీ, స్టాన్లీ డానెన్‌లు దర్శకత్వము వహించిన ‘సింగిన్ ఇన్ ది రెయిన్’. మూకచిత్రములు మాటాడ నేర్చిన 1927 నాటి సంక్షోభము అందలి వస్తువు. మిన్నంటిన కీర్తిగల నాయిక లీనాకు వినదగిన కంఠము లేదు. మైక్రోఫోనును పూలగుబురున దాచినను, దుస్తులలో దాచినను ఆమె మాట సరిగా పట్టుపడదు. తొలి ప్రదర్శనమున బొమ్మ యొకటి, మాట యొకటియై ప్రేక్షకులు నవ్విపోదురు. తుదకు తెరవెనుక నిలిచి పాడుచున్న కాథీ యను యువతిని, తెర పైకెత్తి లోకమునకు చూపుదురు. కథానాయకుని ప్రేమయు, పరిశ్రమపై వ్యంగ్యమును అచ్చట ఒకే ముడిలో విడివడుచున్నవి.

ఇట్టి రచన తెలుగున కలదా యను ప్రశ్నకు సాధారణముగా వచ్చు సమాధానము రెండు విధములు. వచనమున ముళ్ళపూడి వెంకటరమణగారి ‘విక్రమార్కుని మార్కు సింహాసనము’ చిత్రపరిశ్రమపై చురుకైన వ్యంగ్యమని, తెరపై ఇట్టివి ఇటీవలి కాలమునగాని రాలేదని చెప్పుదురు. మా యభిప్రాయము వేరు. 1957 మార్చి 27న విడుదలయైన విజయావారి ‘మాయాబజార్’ పౌరాణిక వేషమున నున్న చిత్రనిర్మాణ పరిహాసమనియు, అందలి శృంగారహాస్యముల కూర్పు హాలీవుడ్డు నుండి గాక దిగువ కృష్ణాతీరపు రంగస్థలమునుండి వచ్చినదనియు మేము తలంచుచున్నాము. ఈ వ్యాసమున ఆ విషయమును నిరూపింప యత్నింతుము.

మొదట ఆ తీరమును కొంత పరిచయము చేయవలసియున్నది. బందరునుండి గుడివాడకు పోవు రైలుదారిలో పెడన కలదు. కలంకారీ అద్దకమునకును, చేనేతకును పేరుపడిన యూరు. కరక్కాయరసమున, పాలలో తడిపిన బట్టపై, తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట ఊరవేసి తీసిన నల్లరంగును చెక్కదిమ్మెలతో అద్దుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క దిమ్మె. కట్టుకొన్నవారికి పూవు, తీగ, చిలుక మాత్రమే కనబడును. దిమ్మెయు, దానిని మోపిన చేయియు కనబడవు. చిత్రనిర్మాణపరిహాసమనగా ఆ దిమ్మెను, ఆ చేతిని చూపుటయే. పెడనను నడుమ నుంచుకొని చూచినచో, ఒక వైపున రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో జన్మించిన బందరు, మరియొక వైపున అక్కినేని నాగేశ్వరరావుగారి స్వగ్రామమైన రామాపురమునకు దగ్గరనున్న గుడివాడ, వాని పరిసరములలోనే నందమూరి తారకరామారావుగారు 1923లో జన్మించిన నిమ్మకూరు, భాగవతులకు నిలయమైన కూచిపూడి కలవు. తెలుగు తెరయొక్క ఆదికాలమును, స్వర్ణకాలమును ఇంత చిన్న నేలపై కలిసికొనుట యాదృచ్ఛికమని త్రోసివేయరాదు.

వెంకయ్యనాయుడుగారు మద్రాసున ఛాయాగ్రహణశాల నడపుచు, 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోనను యంత్రమును తెప్పించి ఊరూర ప్రదర్శనము లిచ్చిరి. బొమ్మను, పళ్ళెములో నిక్షేపించిన ధ్వనిని జతపరచి నడపుట ఆ యంత్రముయొక్క పని. బొమ్మ యొకచోట, మాట యొకచోట పుట్టి తెరకడ కలియుట యను విషయము, హాలీవుడ్డునకు 1927లో చిక్కు తెచ్చిపెట్టినది, బందరువాని ప్రదర్శనములలో అంతకుముందే పరిచితమై యుండెను. ఆయన కుమారుడు ప్రకాశుగారు ఇంగ్లాండున చిత్రకళ నభ్యసించి వచ్చి, 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ యను మూకచిత్రమును తీసిరి. అందు గంగపాత్రను ధరించినది పెగ్గీ కాస్టెలో యను నటి. చిత్రము మూగది గనుక ఆ గంగ ఏ భాష మాటాడవలెనను ప్రశ్న పుట్టలేదు. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి ‘భక్తప్రహ్లాద’తో తెలుగుతెర మాటాడ నారంభించిన పిదప నాటకరంగమునుండి వచ్చిన కంఠములే దానికి ఆధారమైనవి. కావున తెలుగు టాకీచిత్రమున హాస్యమునకు మూలము వెదకువారు నాటకశాలకే పోవలసియుందురు.

ఆ నాటకశాలలలో బందరునకు ముఖ్యస్థానము కలదు. ‘మాయాబజార్’ మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1901లో బొబ్బిలిప్రాంతమున రాజాములో జన్మించినను, పెరిగినది బందరులోనే. అచ్చటి ఆంధ్రజాతీయ కళాశాలలో చదివి, డి. వి. సుబ్బారావుగారి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకములు వ్రాసిరి. ఆయన ‘వింధ్యరాణి’ మొదట నాటకము, 1948లో చిత్రము. కంపెనీ రచయిత యన్న మాటకు అర్థము గ్రహింపవలెను. అతడు గదిలో కూర్చుండి వ్రాసి పంపువాడు కాడు. నటుని గొంతునకు, తెరలు మార్చుటకు పట్టు కాలమునకు, అలంకరణకు పట్టు వ్యవధికి తగినట్లు వ్రాసి దిద్దువాడు. తెరవెనుక గల హడావిడి యంతయు ఆయనకు నిత్యానుభవము.

ఆ రంగస్థలముయొక్క రెండవ లక్షణము పురుషులు స్త్రీవేషము ధరించుట. కూచిపూడి భామాకలాపమున సత్యభామ పురుషుడే. ఆ సంప్రదాయమును మన కాలమువరకు వేదాంతం సత్యనారాయణశర్మగారు నిలిపిరి. ఆ కలాపముననే సూత్రధారుడు మాధవియై ప్రవేశించి సత్యభామతో పరిహాసములాడుచు, పాత్రయు వ్యాఖ్యాతయు తానే యగుచున్నాడు. అక్కినేనివారు చిత్రములకు రాకపూర్వము నాటకములలో స్త్రీపాత్రలకు పేరుపొందినవారు. నందమూరివారు విజయవాడ కళాశాలలో, విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోత్సాహమున ‘రాచమల్లుని దౌత్యము’లో నాగమ్మ వేషము కట్టి, మీసము తీయుట కంగీకరింపక మీసాల నాగమ్మ యని పిలువబడిన వృత్తాంతము లోకప్రసిద్ధము. వేషము క్రిందినుండి తొంగిచూచు మీసమే ఈ ప్రాంతపు హాస్యమునకు బీజమని మాకు తోచుచున్నది. దాని ఫలమును ‘మాయాబజార్’లో చూడగలము.

కథ ఎల్లరకు తెలిసినదే. వ్యాసభారతమున లేని శశిరేఖాపరిణయ కథను సురభివారు మొదలగు నాటకసమాజములు ప్రచారమునకు తెచ్చినవి, 1936లో పి. వి. దాసుగారు చిత్రముగా తీసిరి. 1957 నాటి కథనమును పరిశీలించినచో, అది రెండు వివాహముల కథ. శశిరేఖాభిమన్యుల నిజమైన వివాహము అడవిలో ఘటోత్కచుని యాశ్రమమున, చూచువారు కొలదిమందిగా, సద్దులేకుండ జరుగును. లక్ష్మణకుమారుని వివాహము ద్వారకలో మహాడంబరముగ జరుగును; కాని అది వట్టి ప్రదర్శనము. ఆ ప్రదర్శనమును సిద్ధపరచు క్రమమే చిత్రమున ఉత్తరభాగము. దానికి ప్రణాళిక వేయువాడు శ్రీకృష్ణుడు. ముఖ్యపాత్ర ధరించువాడు ఘటోత్కచుడు. చిన్నమయ్య, లంబు, జంబులు రాత్రికి రాత్రి విడిదిపట్టణమును నిలుపువారు. ఈ వరుసలో దర్శకుడు, నటుడు, కళాశాఖవారు కలరని చెప్పుటకు ఊహాపోహలతో పనిలేదు. లేని నగరమును ఉన్నట్లు నిలిపి, అతిథులు తిరిగి చూచునంతవరకు కూలకుండ కాపాడి, పని తీరగానే తొలగించుట చిత్రశాలలో ప్రతిదినము జరుగు పనియే.

ఈ బృందముయొక్క పనితీరు గమనింపదగినది. గురువు మంత్రము వేయును, శిష్యులు పోటీపడుదురు, వస్తువులు పుట్టును, పుట్టినవానికి పేరు పెట్టవలసివచ్చును. తల్పమునకు జతగా గిల్పము, కంబళికి జతగా గింబళి వెలయుట ఇందులకే. తల్పము పడుకొనుటకు, గిల్పము పడుకొన్నవానిని పడద్రోయుటకు. కొత్త మాటను గూర్చి శంకించినవారికి ఘటోత్కచుడిచ్చు సమాధానము, మాటలు ఎవరో యొకరు పుట్టింపనిదే పుట్టవన్న భావము గలది. అది రాక్షసుని మాటయే యైనను బందరు కంపెనీ రచయితయొక్క వృత్తిరహస్యముగ వినిపించుచున్నది. విడిదిలో మోసపోవు శర్మ, శాస్త్రులు కౌరవపక్షపు భట్రాజులు. అట్టి స్తోత్రపాఠకుల నడుమ అద్దముముందు తన్ను తాను మెచ్చుకొను లక్ష్మణకుమారుని రేలంగివారు నటించినపుడు, అలంకారముపై గల శ్రద్ధ నటనపై లేని కథానాయకుని చూచుచున్నట్లుండును. వానికి కావలసినది శశిరేఖ కాదు. తాను వరుడుగా నలుగురికంటబడు సన్నివేశము.

ఇక మాయాశశిరేఖ. రంగస్థలమున ఘటోత్కచుడు స్త్రీరూపము దాల్చుట పురుషుడు స్త్రీవేషము కట్టు పరిచిత విషయము. చిత్రమున ఆ పాత్రను ధరించినది సావిత్రిగారు. అనగా స్త్రీ యొకతె, స్త్రీవేషము కట్టిన పురుషుని నటింపవలసివచ్చినది. నడకలో ఎస్. వి. రంగారావుగారి ఠీవి, చూపులో రాక్షసుని గర్వము, అంతలో తెలివి తెచ్చుకొని తెచ్చిపెట్టుకొన్న సిగ్గు. ఈ మూడును ఒక్క ముఖముపై వెంటవెంటనే కదలాడును. సుశీలగారి కంఠముతో సాగు పాటలో నడుమ ఘంటసాలవారి పురుషకంఠము వినవచ్చినపుడు ప్రేక్షకుడు నవ్వునది మీసాల నాగమ్మను చూచి నవ్విన నవ్వే. పాణిగ్రహణమున వరుని చేయి నలుగుట, కాలు త్రొక్కుడుపడుట, పెండ్లికూతురు క్షణక్షణము భయంకరరూపములు చూపుట ఆ హాస్యమునకు పరాకాష్ఠ.

ఇచ్చట హాలీవుడ్డు చిత్రముతో పోలిక స్పష్టమగుచున్నది. అందు ఒకరి ముఖమునకు మరియొకరి కంఠము. ఇందు ఒకరి రూపమునకు మరియొకరి స్వభావము. అందలి మరియొక విశేషము గూడ చెప్పదగియున్నది. కథలో లీనాకు కాథీ యరువిచ్చినట్లు చూపిన సంభాషణకంఠము నిజమునకు లీనాపాత్రధారిణియైన జీన్ హేగెన్‌దే. వంచనను బయటపెట్టు చిత్రమే మరియొక వంచనపై నిలిచియున్నది. కాని భేద మొకటి కలదు. హాలీవుడ్డు కథలో తెర పైకెత్తినంతనే దొంగకంఠము పరాజయమొంది నిజమైన కంఠమునకు గెలుపు లభించును. ‘మాయాబజార్’లో మాయయే న్యాయముపక్షమున నున్నది. రాజ్యము, బంధుత్వము, ధర్మము అని పెద్దలు పలికినవన్నియు కపటములు కాగా, రాక్షసుని నాటకమే ఇద్దరి ప్రేమకు రక్ష యగుచున్నది. పరిహాసమునకు గురియైనవారు మాయ చేయువారు కారు, దానిని చూచి తమ వైభవమే యని మురిసినవారు.

ఈ కూర్పును వివరించుటకు పాశ్చాత్యలక్షణములకంటె మన లక్షణకర్తల మాటయే ఎక్కువ యుపకరించును. శృంగారముయొక్క అనుకృతియే హాస్యమగునని భరతుడు చెప్పినాడు. అడవిలోని వివాహము శృంగారము. ద్వారకలోని వివాహము దాని యనుకృతి, కావున హాస్యము. రెండింటిని ఒకే ముహూర్తమున మార్చిమార్చి చూపుటచే సూత్రమునకు దృశ్యవ్యాఖ్య లభించినది. నాటకములో నాటకమును ప్రేమకు సాధనము చేయుట సంస్కృతమున హర్షుని ‘ప్రియదర్శిక’లోనే కలదు. అందు వత్సరాజు వేషము మనోరమ యను చెలికత్తె ధరింపవలసియుండగా, రాజే స్వయముగా ఆ వేషమున ప్రవేశించి ప్రియురాలిని కలిసికొనును. చూచుచున్న రాణికి అది నటన కాదను సంగతి తరువాత తెలియును. కూచిపూడి సూత్రధారుడు, హర్షుని గర్భనాటకము, బందరు కంపెనీ తెరవెనుక: ఈ మూడు దారులును ‘మాయాబజార్’ కడ కలియుచున్నవి.

మా వాదమునకు మిక్కిలి బలమైన యాధారము చిత్రమునందలి రెండు వస్తువులు. మొదటిది ప్రియదర్శిని. ఈ పేరు హర్షుని నాటిక పేరును తలపించుట యాదృచ్ఛికమే కావచ్చును. ఆ పేటికను తెరచినవారికి తమకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును, దూరమున నున్న యిరువురును దాని మూలముననే పాడుకొందురు. బలరామునకు శిష్యుడైన దుర్యోధనుడు కనబడును. శ్రీకృష్ణునకు శకుని కనబడుట అందరును ఆశ్చర్యపడు ఘట్టము. తానెవరితో తలపడవలసియున్నదో ఎరిగినవానికి శత్రువే మనసున మెదలును. రెండవది సత్యపీఠము. తుదిఘట్టమున శకుని దానిపై నిలిచి, పాండవులకు యాదవుల యండ లేకుండ చేయుటకే ఈ సంబంధము పన్నితిమని తన నోటనే చెప్పును. ఒకటి కోరినదానిని చూపును, ఒకటి దాచినదానిని పలికించును. చలనచిత్రముయొక్క శక్తి ఈ రెండే. ప్రియదర్శినితో మొదలిడి సత్యపీఠముతో ముగియు చిత్రము, చిత్రకళను గూర్చి తన యభిప్రాయమును తానే చెప్పుకొన్నదని మేము గ్రహించుచున్నాము.

దీనికి రెండు ఆక్షేపణములు రావచ్చును. శశిరేఖాపరిణయకథ పాతది గనుక పరిహాసమును చిత్రనిర్మాతలకు ఆరోపింపరాదని మొదటిది. కథ పాతదే. కాని పాతకథలో దేనిని పెంచిరి, దేనిని తగ్గించిరి యనునది కర్తల అభిప్రాయమునకు సాక్ష్యము. పాండవుల కథయై యుండియు పాండవులలో నొక్కరును తెరపై కనబడరు. వారి దుఃఖమునకు చోటు తగ్గించి, చిన్నమయ్య బృందముయొక్క పనికి చోటు పెంచుట సామాన్యమైన మార్పు కాదు. నాగిరెడ్డి చక్రపాణులు గాని, దర్శకులు కె. వి. రెడ్డిగారు గాని, పింగళివారు గాని ఇట్టి యుద్దేశముతో తీసిరనుటకు ప్రమాణమేమని రెండవది. ఉద్దేశము చెప్పుటకు మేము సాహసింపము. కృతియందు నిరూపింపదగిన దానిని నిరూపించుటయే విమర్శకుని పని. కర్త మనసును చదువుట కాదు.

ఒక్క విషయము మాత్రము చెప్పక తప్పదు. గందరగోళమును ఇంత ముచ్చటగ చూపిన ఈ చిత్రము, దర్శకుని విషయమున గందరగోళములేని పని. కె. వి. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే సన్నివేశముల నిడివిని గడియారముతో కొలుచుకొని నిర్ణయించువారని ప్రసిద్ధి. మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణము, గోఖలే, కళాధరుల కళ, పసుమర్తి కృష్ణమూర్తిగారి నృత్యరచన ఆ కొలతకు లోబడినవి. అట్లని చిక్కులు లేకపోలేదు. సాలూరు రాజేశ్వరరావుగారు కొన్ని పాటలకు మాత్రమే వరుసలు కట్టి తప్పుకొనగా, సంగీతమును ఘంటసాలవారు పూర్తిచేసిరి. తెరవెనుక కలత తెర ముందునకు రాకుండ నిలుపుట వారి నైపుణ్యము; దానిని కథలోని రాక్షసులకు పంచియిచ్చి నవ్వించుట వారి చమత్కారము.

ఈ ధార అంతటితో ఆగలేదు. 2018 జూన్ 15న విడుదలయైన ఇంద్రగంటి మోహనకృష్ణగారి ‘సమ్మోహనం’ పురాణవేషము విడిచి, నేటి చిత్రనిర్మాణమునే వస్తువుగా గ్రహించిన శృంగారహాస్యచిత్రము. కవులైన హనుమచ్ఛాస్త్రిగారి పౌత్రులు, శ్రీకాంతశర్మగారి పుత్రులు నగు మోహనకృష్ణగారు అందు భాషనే కీలకముగా నిలిపిరి. సినిమా వ్యామోహముగల తండ్రి తనకొక వేషమిత్తురన్న యాశతో ఇంటిని చిత్రీకరణకిచ్చును. సినిమాలపై చులకనభావముగల కుమారుడు పిల్లల పుస్తకములకు బొమ్మలు వేయువాడు. తెలుగు సరిగా రాని నాయికకు అతడే ఉచ్చారణ నేర్పవలసివచ్చును. పాఠము ప్రేమగా మారును. 1921లో మూకచిత్రపు గంగకు అక్కరలేకపోయిన తెలుగు, ఇచ్చట కథకు ముడియైనది. లీనాకు కంఠము లేదు, మాయాశశిరేఖకు స్వభావము వేరు, ఈ నాయికకు భాష రాదు. తెరపై కనబడు రూపమునకును దాని వెనుకనున్న మనిషికిని గల యెడమే మూడింటను హాస్యమునకు మూలము, ప్రేమయే ఆ యెడమును పూడ్చు సాధనము.

ఈ విచారమువలన తేలునది యేమన, మన చిత్రములలోని ఆత్మపరిహాసమును అరువుసొమ్ముగ భావించుట సరికాదు. కూచిపూడి భాగవతులు, బందరు నాటకకర్తలు, స్త్రీవేషము కట్టిన గుడివాడ సీమ యువకులు దానికి పూర్వులు. అయినను తెలుగు శాఖలలో నాటకమును పాఠ్యముగా చదువుదుము; ఆ నాటకమే తెరకెక్కిన పిదప దానిని వినోదమని విడుతుము. ఆ నాటకకంపెనీల నటులను, వారి ప్రదర్శనములను కన్నులార చూచినవారు నేడు మిగులుట అరుదు. కరపత్రములు, నటుల చేతివ్రాత ప్రతులు, హార్మోనియము వారి వరుసల పుస్తకములు ఇండ్లలో చెదలుపట్టుచున్నవి. దిమ్మె చెక్కిన చేయి మరుగుపడిన పిమ్మట బట్టపై పూవును మాత్రము చూచి దాని పుట్టుక చెప్పుట కష్టము. బందరు, పెడన, గుడివాడ, దివిసీమలలో ఊరూర తిరిగి ఆ సామగ్రిని సేకరించి, చిత్రముల సంభాషణప్రతులతో పోల్చి చూచు పనిని పరిశోధకవిద్యార్థులు వెంటనే చేపట్టవలెనని మా విన్నపము. అది జరిగిననాడు ‘మాయాబజార్’ను గూర్చి మేము చేసిన ఈ ప్రతిపాదనకు బలము చేకూరునో, సవరణ కలుగునో తెలియగలదు, ఏది జరిగినను తెలుగు నాటకచరిత్రకు లాభమే.